ముంగిస వచ్చే తూము

ఎవరైనా ఎదురుగా నడిచి వస్తుంటే మహాదేవప్ప ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ గాలిలో మెల్లగా తిరిగేవి, లేని రింగు ఒకటి వాటి మధ్య ఉన్నట్టు. మనిషి దగ్గరయ్యేకొద్దీ వేళ్లు ఆ మేరకే తిరిగి, మనిషి ఆగగానే ఆగేవి. ఆయనకు ఆ సంగతి తెలిసేది కాదు. ఎవరైనా చెబితే చేయి జేబులో పెట్టుకునేవాడు. కాసేపటికి ఇంకెవరో వచ్చేవారు. చేయి బయటికి వచ్చేది.

“అప్పా, మమ్మల్ని చూడంగనే తాళమేస్తవేంది?” అని బజారువాళ్లు ఆటపట్టించేవారు.

జహీరాబాద్‌లో రైల్వే స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో ఆయన ఫోటో స్టూడియో ఉండేది. డెబ్బై ఒకటిలో తెరిచాడు. అంతకుముందు బీదర్‌లో ఒక మరాఠీ ఫోటోగ్రాఫర్ దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ గురువు నేర్పిన పెద్ద విద్య ఒకటే, నడిచే మనిషిని ఆపకుండా ఫోటో తీయడం. కెమెరాకు కన్ను ఆనించి చూస్తే మధ్యలో చిన్న గుండ్రం ఉంటుంది. అందులో మనిషి ముఖం నడిమికి తెగి, పై ముక్క ఒక పక్కకు, కింది ముక్క ఇంకో పక్కకు జరిగి కనిపిస్తుంది. లెన్సు మీది రింగు తిప్పితే ముక్కలు రెండూ వచ్చి కలుస్తాయి. కలిసినప్పుడే నొక్కాలి. మనిషి అడుగు వేస్తే ముక్కలు మళ్లీ విడిపోతాయి. అందుకని చేయి తిరుగుతూనే ఉండాలి, మనిషి నడక ఎంతో చేతి నడక అంత.

మహాదేవప్ప పెళ్లి ఊరేగింపుల్లో ఏనాడూ ఎవరినీ ఆగమనలేదు. గుర్రం మీది పెళ్లికొడుకు వస్తూ ఉండేవాడు, ఆయన వెనక్కి నడుస్తూ ఉండేవాడు, వేళ్లు తిరుగుతూ ఉండేవి. స్టూడియోలో కుర్చీ మీద కూర్చునే వాళ్లకు ఈ విద్య అక్కర్లేదు. కుర్చీ కాళ్లకూ కెమెరా స్టాండుకూ నేల మీద సున్నపు గుర్తులు ఉండేవి. రింగు ఎప్పుడూ ఒకే చోట. అది గుడ్డివాడైనా తీస్తాడు అనేవాడు.

ఏటా మాఘంలో న్యాల్‌కల్ అవతల ఒక ఊళ్లో వీరభద్రుడి జాతర. తెల్లవారుజామున అగ్నిగుండం. తుమ్మ మొద్దులు కాల్చి, నిప్పులు పరుస్తారు. మొక్కుకున్నవాళ్లు తడి ధోవతులతో, ఒంటినిండా విభూతితో ఆ నిప్పుల మీద నడిచి అవతలి గట్టుకు వస్తారు. ఆ గట్టు మీద మహాదేవప్ప నిలబడేవాడు. మనిషికి ఒక్క ఫోటో. దాన్ని ఇంట్లో దేవుడి పటాల వరుసలో పెట్టుకుంటారు. నిప్పుల మీద ఎవరినీ మళ్లీ నడవమనలేం. అందుకని ఆ ఫోటో తప్పకూడదు. చాలా ఏళ్లు తప్పలేదు.

ఎనభై ఎనిమిదిలో తప్పింది. గుండ్రంలో ముక్కలు కలిశాయో లేదో ఆయనకు కనబడలేదు. అంతా పాలు కలిసిన నీళ్లలా ఉంది. చేతి అలవాటు మీద తిప్పి నొక్కాడు. శరణప్ప అనే రైతు ఫోటో అది. వెనక నిప్పులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట, వెలుతురుతో అలికినట్టు ఒక మరక. ఫోటోను కవరులో పెట్టి, ఏం చెప్పాలా అని మహాదేవప్ప ఆలోచిస్తూ కూర్చున్నాడు. చెప్పే అవసరం రాలేదు. శరణప్ప ఫోటో చూసి, చెప్పులు విడిచి, దాన్ని కళ్లకద్దుకున్నాడు.

“దేవుని సెగ వడ్డది మొహం మీద,” అన్నాడు. “అందరికి వడదు అప్పా ఇది.”

వాళ్ల ఇంటి గురువు జంగమయ్య కూడా చూసి అవునన్నాడు. పటం కట్టించారు.

మహాదేవప్ప హైదరాబాద్ వెళ్లి పెద్ద దవాఖానలో కళ్లు చూపించుకున్నాడు. రెండు కళ్లలోనూ పొర. ఇంకా ముదరలేదు, ముదిరాక కోస్తాం అన్నాడు డాక్టరు. కోశాక మందపు అద్దాలు పెట్టుకోవాలి. ఆ అద్దాలతో కన్ను కెమెరాకు ఆనదని ఆయన అడగకుండానే అర్థం చేసుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. ఫిల్ము రీళ్ల కోసం వెళ్లానన్నాడు. నిజంగానే రీళ్లు తెచ్చాడు.

మళ్లీ మాఘం వచ్చింది. కోహీర్ దగ్గర అల్లం పండించే చెన్నబసప్ప ఒకరోజు స్టూడియోకు వచ్చాడు. ఇద్దరూ ఒక బడిలో చదివినవాళ్లు.

“శరణు మహాదేవప్పా.”

“శరణు. కూసో.”

“ఈ ఏడు నేను గుండం తొక్కుతున్న. అమ్మకు పానం బాగైతె తొక్కుత అని మొక్కిన. ఆమెకు బాగైంది. ఇప్పుడు నాకు కాళ్లు వణుకుతున్నయి.”

“కొబ్బరికాయ మొక్కితె అయిపోతుండె గద.”

“తొందర్ల నోటికి గదే వచ్చింది.” చెన్నబసప్ప స్టూలు కాస్త దగ్గరికి జరుపుకున్నాడు. “ఒక మాట. పోయినేడు శరణప్పకు వడ్డట్ల నాకు గూడ ఫోటోల సెగ వడాలె.”

“అది నా చేతుల ఉన్నదా?”

“కెమెరా నీ చేతులనే ఉన్నది గద.”

మహాదేవప్ప నవ్వలేదు. చెన్నబసప్ప వెళ్లిపోయాక కూడా స్టూలు వైపు చూస్తూ ఉండిపోయాడు. దారి సులువుగానే ఉంది. ఏమీ చేయనక్కర్లేదు. కళ్లు ఎలా ఉన్నాయో అలాగే ఉంటే, ఫోటోలు అలాగే వస్తే, జనం చెప్పులు విడిచి తీసుకుంటారు. కానీ నడిచి వచ్చే మనిషి ముఖం తన కెమెరాలోకి ఇంకా వస్తుందా, రాదా? అది ఒక్కటే ఆయనకు తెలియాలి. రాకపోతే గట్టు మీద నిలబడడం మానేయాలి.

ఆ రోజుల్లోనే బామ్మర్ది సదాశివ దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ కరెంటు సామాను అమ్మే దుకాణంలో పనిచేసేవాడు. వస్తూ ఒక కొత్త కెమెరా తెచ్చుకున్నాడు. అక్క ఇంట్లో పీట మీద పెట్టి, గుడ్డ తీశాడు.

“బావా, ఇగ నీ వేళ్లకు ఆరాం. ఇది దానంతల అదే ఫోకస్ చేసుకుంటది. మనిషి ఉరికినా ఎంటవడి చేసుకుంటది.”

“ఎవని ఎంట?”

“ఎవని ఎంట అంటె, నడిమిట్ల ఎవరుంటె వాళ్ల ఎంట.”

“మీ అక్క ఎంట పడుమను. నాకైతె ఇప్పటిదాంక అందలే.”

“ఎంటవడితె గద అందేది,” అంది ఆయన భార్య గురుబసమ్మ వంటింట్లోంచి.

మహాదేవప్ప కెమెరాకు కన్ను ఆనించాడు. బొమ్మ ఎప్పటిలాగే పాలనీళ్లు. సదాశివ చెప్పినట్టు మీట సగం నొక్కాడు. లెన్సు తనంతట తానే చిన్నగా గుర్రుమని తిరిగి ఆగింది. బొమ్మ కింద పచ్చ చుక్క ఒకటి వెలిగింది. ఫోకస్ కుదిరిందని గుర్తు అది. ఆ చుక్క ఆయనకు కనబడింది. ఏడాదిగా కెమెరా లోపల స్పష్టంగా కనబడింది అదొక్కటే. ఇంకోసారి నొక్కాడు. మళ్లీ వెలిగింది.

“రెండు దినాలు నా కాడ ఉండనీయి,” అన్నాడు.

మనుషుల మీద చూడదలచుకోలేదు. కెమెరా కనబడితే మనుషులు ఆగుతారు, తల దువ్వుకుంటారు, తర్వాత ఫోటో ఏదని అడుగుతారు. పెరట్లో ఉండేవి ఆగవు, అడగవు. నలుపు తెలుపు రీలు వేసి, పొద్దున్నే బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు.

పెరడు పెద్దదేమీ కాదు. ఎర్రరాళ్ల గోడ, ఒక జామచెట్టు, ఒక పక్క కందికట్టె మోపులు, మధ్య బట్టలారేసే తీగ. గోడ అడుగున వాడిన నీళ్లు బయటికి పోయే తూము. తెల్లగా వెలుతురు రాకముందు జామకొమ్మ మీద గోరింక ఒకటి దిగింది. లెన్సును దాని వైపు తిప్పాడు. చీకట్లో చెప్పులు వెతుక్కునే మనిషిలా లెన్సు ముందుకూ వెనక్కూ తడుముకుంది. చుక్క వెలగలేదు. అయినా నొక్కాడు.

ఎండ పడ్డాక లెన్సుకు ధైర్యం వచ్చింది. ఉడుత మొదలు మీద పైకి పాకితే వెంట పోయింది, కిందికి దూకితే వెంట దిగింది. మహాదేవప్ప ఎడమచేతి వేళ్లు రింగు కోసం లెన్సు మీద వెతికి, అది తనంతట తాను కదులుతుంటే ఆగిపోయాయి. గోడ మీద తొండ పరుగెత్తింది. లెన్సు గుర్రుమంది, చుక్క వెలిగింది, నొక్కాడు. తూములోంచి ముంగిస వచ్చింది. అది రోజూ గిన్నెలు కడిగిన నీళ్లు పోయాక వచ్చి, గోడ వెంబడి నడిచి, ఎలుకల కోసం కందికట్టెల్లో దూరుతుంది. గోడ ఉన్నంత దూరం లెన్సు దాన్ని విడవలేదు. తీగ మీద తడి చీర వేలాడుతోంది. ముంగిస చీర వెనక్కి పోయింది. లెన్సు చీర దగ్గర ఆగిపోయింది. చుక్క నిక్షేపంగా వెలుగుతూనే ఉంది.

“ఆ ఉడుతకు పెండ్లి ఫోటోలు తీస్తున్నవా బావా?” అన్నాడు సదాశివ వేపపుల్ల నములుతూ. “రీలంతా ఒడగొడ్తున్నవ్.”

“పిల్ల మంచిగున్నది. నీకు చూస్తున్న.”

రీలు అయిపోయింది. చీకటి గదిలో చేతులు తమ పని తాము చేసుకున్నాయి. దానికి కళ్లు అక్కర్లేదు. ఫోటోలు ఆరాక బల్ల మీద పరిచి భూతద్దం పట్టాడు. ఏది ఉడుతో, ఏది తొండో తెలుస్తోంది. ఏది సరిగ్గా వచ్చిందో తెలియడం లేదు. పరీక్ష పెట్టగలిగాడు గానీ జవాబు చదవలేకపోయాడు. ఫోటోలన్నీ పోగుచేసి ఇంటికి తెచ్చాడు. గురుబసమ్మ గడప దగ్గర చాటలో బియ్యం పోసుకుని ఏరుతోంది.

“జర ఇవి చూడు. ఏవి సాఫ్‌గ ఉన్నయో చెప్పు.”

“నాకేం తెలుస్తది?”

“బియ్యంల రాయి తెలుస్తది గద. గట్లనే.”

ఆమె చేతులు తుడుచుకుని ఫోటోలు అందుకుంది. “ఇది ఉడుత. మీసాలు గూడ కనవడ్తున్నయి. ఇది గూడ ఉడుతనే, గని పొగ లెక్కున్నది. తొండ మంచిగున్నది, గొంతు మీద గరుకు తెలుస్తున్నది. ఇది ముంగిస. ఇదేమో...” దగ్గరగా పెట్టుకుని చూసింది. “నా చీర. అంచు మీది పోగులు గూడ పడ్డయి. ముంగిస యాడున్నది? అగో, ఎనుక, మసక మసక.”

మంచివి ఒక పక్కకూ, మసకవి ఒక పక్కకూ వేసుకుంటూ పోయింది. చాటలో చేసినట్టే. సగం దాకా వచ్చి ఆగింది.

“నీకు కనవడ్తలేవా?”

మహాదేవప్ప చాటలోంచి ఒక గింజ తీసి నోట్లో వేసుకున్నాడు.

“ఎప్పటిసంది?”

“పోయినేడు జాతర సంది.”

“గట్లయితె శరణప్ప ఫోటో...”

“ఊఁ.”

గురుబసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె నవ్వుతోంది.

“పొద్దుమాపు ఊదుబత్తులు వెడ్తున్నరు దానికి. మొన్న నేను గూడ వోయి మొక్కొచ్చిన.” కళ్లు తుడుచుకుంది. “దవాఖానకు వోయినవా?”

“వోయిన. ముదరాలెనట, ముదిరినంక కోస్తరట.”

“ముదరనీకె అదేమన్న బెండకాయనా? నాకు చెప్పొద్దా?”

ఆమె మిగిలిన ఫోటోలు కూడా ఏరి రెండు కుప్పలు పూర్తిచేసి, మళ్లీ చాట దగ్గరికి లాక్కుంది. ఆ పూట అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

మంచి కుప్పే పెద్దది. సాయంత్రం సదాశివతో ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. వెలుతురు ఉండి, వెనక ఖాళీ గోడ ఉంటే, ముప్పై ఏళ్ల వయసులో తను పట్టలేనిది ఈ కెమెరా పడుతుంది. అందులో అబద్ధం లేదు. కానీ చిన్న కుప్పలో ఉన్నవి చీకటివి, అడ్డం వచ్చినవి. అగ్నిగుండం దగ్గర ఉండేది చీకటి. చెన్నబసప్పకు ముందు కత్తులు పట్టినవాళ్లు, జెండాలు పట్టినవాళ్లు, చేతులు పట్టుకుని దాటేవాళ్లు ఉంటారు. కెమెరా మధ్యలో ఎవరుంటే వాళ్ల వెంట పోతుంది. చెన్నబసప్ప ఎవరో దానికి తెలియదు.

మర్నాడు కూడా కెమెరా పట్టుకుని బండ మీద కూర్చున్నాడు. ముంగిస మళ్లీ చీర వెనక్కి పోయింది. గురుబసమ్మ గిన్నెలు బోర్లించి, నడుం మీద చేయి పెట్టుకుని చూసింది. అప్పటికి కోపం కొంత దిగింది.

“పొద్దటిసంది దాని ఎంటనే వడ్డవు. అది ఎటు తిరిగినా రోజు వచ్చేది గా తూముల్నుంచే గద. గాడనే కూసో.”

ఆమెకు అదొక మాట. ఆయనకు బీదర్ గురువు గుర్తొచ్చాడు. ముందే ఒక చోటికి ఫోకస్ పెట్టి, మనిషి అక్కడికి వచ్చేదాకా కాచుకుని తీసేవాళ్లను చూసి గురువు నవ్వేవాడు. అది ఎలుకబోను పెట్టడం, ఫోటో తీయడం కాదు అనేవాడు. మహాదేవప్ప ఆ మాట మీదే ఇన్నేళ్లు బతికాడు. స్టూడియోలో కుర్చీ కాళ్ల కింద సున్నపు గుర్తులు మాత్రం రోజూ తనే దిద్దేవాడు.

లేచి లోపలికి వెళ్లి తన పాత కెమెరా, స్టాండు తెచ్చాడు. తూముకు ఎదురుగా నిలబెట్టి, తూము ముందు ఒక ఇటుక పెట్టాడు.

“ఇండ్ల చూడు. నడుమ గుండ్రం ఉన్నదా? ఇటుక ఎట్ల కనవడ్తున్నది?”

“ఇరిగినట్టున్నది.”

“ఈ రింగు తిప్పు. మెల్లగ.”

గురుబసమ్మ తిప్పింది. ఎక్కువ తిప్పింది, వెనక్కి తిప్పింది. “అతికింది,” అంది.

“చెడగొట్టి మళ్ల అతికియ్యి.”

మళ్లీ అతికించింది. రింగు కదలకుండా మహాదేవప్ప దాని మీద దవాఖాన ప్లాస్టరు ముక్క అంటించాడు. ఇటుక తీసేశాడు. తెల్లారి ముంగిస వచ్చే వేళకు మీట మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. తూము నల్లగా ఉంది. ఆ నలుపులో గోధుమరంగు ఏదో నిండింది. నొక్కాడు.

ఆ ఫోటో గురుబసమ్మే ముందు చూసింది. “నన్నే చూస్తున్నది,” అంది. “మూతికి తడి గూడ ఉన్నది.”

జాతరకు ముందు రోజు చెన్నబసప్పను స్టూడియోకు పిలిపించాడు.

“సెగ రాదు. ఈసారి మొహం వస్తది. వద్దంటె వేరేటోన్ని పిలుచుకో.”

చెన్నబసప్ప గోడకున్న ఫోటోలు చూస్తూ ఆలోచించాడు. “నా మొహంల ఏమున్నది చూడనీకె? భయం ఉంటది.”

“ఉండనీ. తొక్కింది నువ్వని మీ అమ్మ గుర్తువట్టాలె గద.”

“ఆమెకు కండ్లు మంచిగనే ఉన్నయి,” అన్నాడు చెన్నబసప్ప. గుమ్మం దాకా వెళ్లి, “సరే తీయ్,” అన్నాడు.

ఇంట్లో సదాశివ తన కెమెరా తీసుకుపొమ్మన్నాడు. “పానం నిమ్మలంగుంటది బావా, రెండూ పట్టుకపో.”

“చేతులు రెండున్నయి గని, నిలవడే గట్టు ఒకటే.” మహాదేవప్ప కొత్త కెమెరాను మెత్తని గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి బామ్మర్ది చేతికిచ్చాడు. “మంచిది ఇది. నీ పెండ్లికి దీంతోనే తీయించుకుందువు, ఉడుత ఒప్పుకుంటె.”

ఆ సాయంత్రం బస్సుకు భార్యాభర్తలు జాతరకు వెళ్లారు.

మర్నాడు ఇంకా వెలుతురు రాకముందే ఇద్దరూ గుండం అవతలి గట్టు మీద ఉన్నారు. నిప్పులు దాటినవాళ్లు మొదట కాలు పెట్టేది ఒక నల్లరాయి మీద. దాని మీద నీళ్లు పోస్తూ ఉంటారు. మహాదేవప్ప స్టాండు నిలబెట్టి, రాయి మీద లాంతరు పెట్టించాడు. గురుబసమ్మ వంగి కెమెరాకు కన్ను ఆనించింది. మంట రెండు ముక్కలుగా ఉందంది. తర్వాత ఒకటైందంది. ఆయన ప్లాస్టరు అంటించాడు. లాంతరు తీసేశారు.

“ఆడోళ్లు అటు పక్క,” అన్నాడు పూజారి.

“పని అయినంక వోతది,” అన్నాడు మహాదేవప్ప.

డోళ్లు మొదలయ్యాయి. కత్తులవాళ్లు వచ్చారు, జెండాలవాళ్లు వచ్చారు. ఆయనకు అంతా ఎర్రటి పొగ, అందులో కదిలే తెలుపు. పక్కనే నిలబడ్డ గురుబసమ్మ, “అగో, దిగిండు,” అంది. తెల్లటిది ఒకటి ఎదురుగా నడిచి వస్తోంది. ఆయన ఎడమచేతి వేళ్లు లేచి రింగు మీదికి పోయాయి. ప్లాస్టరు తగిలింది. చేయి తీసి నడుముకు ఆనించుకున్నాడు. వచ్చే మనిషిని వదిలేసి, రాయి ఉన్న చోటు మాత్రం చూస్తూ నిలబడ్డాడు. నల్లటి రాయి మీద తెల్లగా ఏదో పడింది. నొక్కాడు. ఫ్లాష్ వెలిగింది.

చెన్నబసప్పను ఎవరో పట్టుకుని పక్కకు తీసుకుపోయారు. వెనక ఇంకొకరు దిగుతున్నారు. మహాదేవప్ప రీలు ముందుకు తిప్పి, భార్యకు చోటిచ్చి పక్కకు జరిగాడు.

“రింగు కదిలిందేమో చూడు,” అన్నాడు.